సంఖ్య పేరుగా, సంఖ్య కొలతగా: క్షేత్ర ప్రయోగాల గణాంక విశ్లేషణలో కంప్యూటర్ మౌనంగా చేసే మార్పులు

ఉమ్మడి కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతమైన జగ్గయ్యపేట, నందిగామ పరిసరాలలో పత్తి, మిరప, కంది, పెసర ప్రధానమైన పంటలు. ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చెందిన గరికపాడు కృషి విజ్ఞాన కేంద్రం జగ్గయ్యపేట మండలంలోనే ఉన్నది. ఇటువంటి ప్రాంతంలో రైతుల పొలాలలో నిర్వహించే పరీక్షలు, చిరుసంచుల ప్రదర్శనలు, పంట కోత ప్రయోగాలు మొదట క్షేత్ర పుస్తకంలోను, తరువాత స్ప్రెడ్‌షీట్‌లోను, చివరకు 'ఆర్' వంటి గణాంక ప్రోగ్రాములోను నమోదవుతాయి. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ రూపొందించిన 'ఆర్' మొదటి పూర్తి వెర్షన్ 2000 ఫిబ్రవరి 29న విడుదలైనది. వెల చెల్లించనవసరం లేకపోవడం వలన వ్యవసాయ విద్యార్థులకు ఇది బాగా అందుబాటులోకి వచ్చినది.

ఆదేశంలో అక్షరం తప్పితే ప్రోగ్రాము వెంటనే ఆగిపోతుంది. అటువంటి తప్పు వలన పెద్ద నష్టం లేదు. దిద్దుకోక తప్పదు కనుక విద్యార్థి దిద్దుకుంటాడు. ఆగకుండా, ఏ హెచ్చరికా లేకుండా, చక్కని పట్టికను ఇచ్చి పంపే సందర్భాలే ప్రమాదకరమైనవి. అటువంటివి కొన్ని ఈ వ్యాసంలో పరిశీలించబడినవి. దిగుబడి అంకెలు అభ్యాసం కొరకు కల్పించినవి. చేతితో లెక్కించి సరిచూసుకొనడానికి వీలుగా చిన్నవిగా ఉంచబడినవి.

పెసరలో కలుపు: నాలుగు ట్రీట్‌మెంట్లు, పన్నెండు మడులు

పెసరలో కలుపు యాజమాన్యంపై ర్యాండమైజ్డ్ బ్లాక్ డిజైన్‌లో ఒక ప్రయోగాన్ని ఊహించవచ్చును. మొదటి ట్రీట్‌మెంటులో కలుపు తీయరు. రెండవదానిలో కూలీలతో రెండుసార్లు తీయిస్తారు. మూడవదానిలో విత్తిన వెంటనే పెండిమిథాలిన్ పిచికారీ చేసి, తరువాత ఒకసారి కలుపు తీయిస్తారు. నాల్గవదానిలో పెండిమిథాలిన్ మాత్రమే. రెప్లికేషన్లు మూడు. దిగుబడి హెక్టారుకు క్వింటాళ్లలో:

మొదటి రెప్లికేషన్: 6, 11, 10, 7
రెండవ రెప్లికేషన్: 7, 12, 12, 7
మూడవ రెప్లికేషన్: 5, 10, 11, 7

ట్రీట్‌మెంట్ల సగటులు వరుసగా 6, 11, 11, 7. చేతితో లెక్కిస్తే మొత్తం వర్గాల మొత్తం 68.25; అందులో ట్రీట్‌మెంట్లది 62.25, రెప్లికేషన్లది 3.50, దోషానిది 2.50. డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్, అనగా స్వేచ్ఛాంశాలు, వరుసగా 3, 2, 6. ట్రీట్‌మెంట్ల ఎఫ్ విలువ 49.8. 5 శాతం స్థాయిలో పట్టిక విలువ 4.76 మాత్రమే కనుక తేడాలు స్పష్టమైనవి. సి.డి. విలువ 1.29 క్వింటాళ్లు.

ఈ ఫలితంలో రైతుకు పనికివచ్చే మాట ఒకటి ఉన్నది. రెండుసార్లు కూలీలతో తీయించినా, ఒక పిచికారీతో పాటు ఒకసారి తీయించినా దిగుబడి ఒక్కటే. మెట్ట ప్రాంతంలో కలుపు సమయానికి కూలీలు దొరకడమే కష్టం. ఒక విడత కూలీ తగ్గుతుందన్నది చిన్న విషయం కాదు.

ఇప్పుడు ఇదే సమాచారాన్ని ఒక విద్యార్థి స్ప్రెడ్‌షీట్‌లో ట్రీట్‌మెంటు అనే నిలువు వరుసలో 1, 2, 3, 4 అనియు, రెప్లికేషన్ అనే వరుసలో 1, 2, 3 అనియు నమోదు చేసి, 'ఆర్' లో విస్తృతి విశ్లేషణ ఆదేశాన్ని ఇస్తాడని భావించాలి. ప్రోగ్రాము ఆగదు. వచ్చిన పట్టికలో ట్రీట్‌మెంట్ల వర్గాల మొత్తం 1.35, ఎఫ్ విలువ 0.18. ట్రీట్‌మెంట్ల మధ్య తేడా లేదని పట్టిక చెప్పుచున్నది. కలుపు తీసినా తీయకపోయినా ఒక్కటే అని దీని అర్థం! పెసర చేను ఒక్కసారి చూసిన వారెవరూ నమ్మని ఈ మాటను పట్టిక మూడు దశాంశ స్థానాలతో సహా ప్రకటిస్తుంది.

జరిగినదేమిటి? 1, 2, 3, 4 అనేవి నాలుగు పద్ధతులకు పెట్టిన పేర్లు అని ప్రోగ్రాముకు తెలియదు. అవి కొలతలని భావించి, ట్రీట్‌మెంటు సంఖ్య పెరిగే కొద్దీ దిగుబడి సరళరేఖలో పెరుగుతుందా, తగ్గుతుందా అనే ప్రశ్నకు జవాబు వెదికినది. సగటులు 6, 11, 11, 7. మధ్యలో ఎత్తుగా, రెండు చివరలా పల్లంగా ఉన్నవి. దాని మీదుగా గీసిన సరళరేఖ దాదాపు సమతలంగానే ఉంటుంది. వేసిన ప్రశ్నకు జవాబు సరియైనదే. వేయదలచిన ప్రశ్న మాత్రం అది కాదు.

తప్పు జాడ పట్టికలోనే ఉన్నది. ట్రీట్‌మెంట్ల స్వేచ్ఛాంశాలు 3 ఉండవలసిన చోట 1, రెప్లికేషన్లకు 2 బదులు 1, దోషానికి 6 బదులు 9 కనిపిస్తాయి. ఎఫ్ విలువ పక్కనున్న నక్షత్రపు గుర్తుల మీదికే ముందు చూపు పోయే అలవాటు వలన ఇది తప్పిపోతుంది. పూర్వం చేతితో విశ్లేషించిన తరం వారు మొదట స్వేచ్ఛాంశాల వరుసను నింపుకొని, ఆ తరువాతనే వర్గాల మొత్తాలకు పోయేవారు. ఆ అలవాటు కంప్యూటర్ వచ్చిన తరువాత పోవడం విచారకరం. ఆదేశం ఇవ్వడానికి ముందే కాగితం మీద "3, 2, 6, మొత్తం 11" అని వ్రాసి ఉంచుకొనడానికి అర నిమిషం కూడా పట్టదు.

సవరణ సులభమే. ట్రీట్‌మెంటు, రెప్లికేషన్ వరుసలను 'ఫ్యాక్టర్' అనే రకంలోకి మార్చాలి. లేదా మొదటి నుంచే 1, 2 అని కాక 'టి1', 'టి2' అని నమోదు చేయాలి. అక్షరం చేరగానే అది పేరని ప్రోగ్రాము గ్రహిస్తుంది. అయితే సంఖ్య వాడిన ప్రతి చోటా ఇలా మార్చవలసినదే అనుకోరాదు. ఆ నాలుగు ట్రీట్‌మెంట్లు హెక్టారుకు 0, 20, 40, 60 కిలోల భాస్వరం మోతాదులైతే, వాటిని కొలతలుగా ఉంచి స్పందన రేఖను గీయడం సమంజసమే, కొన్ని సందర్భాలలో మరింత ఉపయోగకరం కూడా. ఏది పేరు, ఏది కొలత అన్నది ప్రయోగం చేసిన వారికి మాత్రమే తెలుసు.

టి1 తరువాత టి10

'టి1', 'టి2' అని వ్రాయడంతో ఒక చిక్కు తీరి మరొక చిక్కు వస్తుంది. పన్నెండు పత్తి రకాలను పోల్చే ప్రయోగంలో పేర్లను ప్రోగ్రాము నిఘంటువు పద్ధతిలో అమర్చుతుంది. టి1 తరువాత టి10, టి11, టి12 వచ్చి, ఆ పిమ్మట టి2 వస్తుంది. టి9 చిట్టచివర ఉంటుంది. ఈ వరుసలో వచ్చిన సగటులను తీసుకొనిపోయి, తన వద్దనున్న రకాల పేర్ల జాబితా పక్కన అతికించిన విద్యార్థికి మొదటి రకం సగటు ఒక్కటే సరిగా ఉంటుంది. మిగిలిన పదకొండూ తారుమారు. పదవ రకం దిగుబడి రెండవ రకం పేరున, రెండవ రకం దిగుబడి ఐదవ రకం పేరున చేరిపోతాయి.

ఇక్కడ స్వేచ్ఛాంశాలు సరిగానే ఉంటాయి. ఎఫ్ విలువ, సి.డి. విలువ, కో-ఎఫిషియెంట్ ఆఫ్ వేరియేషన్ అన్నీ సరియైనవే. పట్టికను ఎంత పరిశీలించినా లోపం దొరకదు. దిగుబడిలో మొదట నిలిచిన రకానికి బదులు మరొక రకం పేరు సిఫారసులోకి పోతుంది. ఆ విత్తనాన్ని మరుసటి ఖరీఫ్‌లో రైతు వేస్తాడు. 'టి01', 'టి02' అని సున్నా చేర్చి వ్రాస్తే వరుస చెడదు. పేర్లను వేరుగా అతికించకుండా, అసలు సమాచార పట్టికలోనే రకం పేరు ఒక వరుసగా ఉంచడం అంతకంటె మేలు.

దీనికి దగ్గరి చుట్టం మరొకటి ఉన్నది. మొక్కల ఎత్తు నమోదు చేసిన వరుసలో 62, 58, 105 అనే సంఖ్యల మధ్య ఒక గడిలో 'నిల్' అని ఆంగ్లంలో వ్రాసి ఉంటే, ఆ వరుస అంతా అక్షర సమాచారంగా మారిపోతుంది. 2020 ఏప్రిల్‌లో విడుదలైన 4.0.0 వెర్షన్‌కు ముందు 'ఆర్' అటువంటి వరుసను చదివేటప్పుడే ఫ్యాక్టర్‌గా మార్చేది. దానిని తిరిగి సంఖ్యలుగా మార్చమంటే 62, 58, 105 రావు. నిఘంటువు వరుసలో వాటి స్థానాలైన 3, 2, 1 వస్తాయి, 'నిల్' కు 4 వస్తుంది. మొక్కల సగటు ఎత్తు 2.5 సెంటీమీటర్లు అని తేలుతుంది. ఎత్తు విషయంలో ఇది నవ్వు తెప్పించి బయటపడుతుంది. మొక్కకు కొమ్మల సంఖ్య విషయంలో 2.5 అన్నది నమ్మదగిన విలువే కనుక బయటపడదు. కొత్త వెర్షన్లలో ఆ మార్పిడి హెచ్చరికతో జరిగి, 'నిల్' ఉన్న చోట లోపించిన విలువ గుర్తు వస్తుంది. పాత సిద్ధాంత గ్రంథాల ఆదేశాలను నకలు చేసి వాడే వారు మాత్రం ఈ తేడాను గుర్తుంచుకోవాలి.

ఖాళీ గడి, సున్నా గడి

పెసర ప్రయోగానికే తిరిగి వస్తే, మూడవ రెప్లికేషన్‌లోని నాల్గవ ట్రీట్‌మెంటు మడిని కోతకు ముందు పశువులు మేసినవనుకొందాము. దిగుబడి లేదు. 'ఆర్' లో ఆ గడి 'ఎన్.ఎ.' అవుతుంది. ఆ వరుస సగటు అడిగితే జవాబు కూడా 'ఎన్.ఎ.' అనే వస్తుంది. కొత్తవారికి ఇది ప్రోగ్రాము మొండితనంగా తోస్తుంది. ఒక విలువ తెలియనప్పుడు మొత్తం తెలియదు. మొత్తం తెలియనప్పుడు సగటు తెలియదు. ప్రోగ్రాము నిజమే చెప్పుచున్నది. లోపించిన విలువను వదిలివేసి మిగిలిన వాటి సగటు తీయమని వేరుగా కోరాలి. స్ప్రెడ్‌షీట్ సగటు సూత్రం ఇంత పట్టింపు లేనిది. ఖాళీ గడిని అడగకుండానే వదిలివేస్తుంది. సున్నా ఉంటే మాత్రం లెక్కలోకి తీసుకుంటుంది.

ఈ 'ఎన్.ఎ.' బెడద తప్పించుకొనడానికి ఖాళీ గడిలో సున్నా వేయడం అసలు ప్రమాదం. అప్పుడు నాల్గవ ట్రీట్‌మెంటు సగటు 7 నుంచి 4.67కు పడిపోతుంది. కలుపే తీయని మడుల సగటు 6. అనగా పెండిమిథాలిన్ చల్లడం ఏమీ చేయకపోవడం కంటె హానికరమని పట్టిక చూపుతుంది. దోషపు వర్గాల మొత్తం 2.50 నుంచి 20కి, సి.డి. విలువ 1.29 నుంచి 3.65కు పెరుగుతాయి. ఎఫ్ విలువ 9.9 వస్తుంది, ఇది 4.76 కంటె ఎక్కువే కనుక ఫలితం సార్థకమనే అనిపిస్తుంది. పశువులు మేసిన మడి పాపం కలుపు మందు మీద పడినది.

సున్నా ఎల్లప్పుడూ తప్పు కాదు. మందు విషప్రభావం వలన మొక్కలన్నీ చనిపోతే, ఆ మడి దిగుబడి నిజముగానే సున్నా. దానిని తొలగించడమే తప్పు. నష్టానికి ట్రీట్‌మెంటు కారణమా, బయటి కారణమా అన్నది క్షేత్ర పుస్తకంలో ఆ రోజే వ్రాసి ఉండాలి. ఆరు నెలల తరువాత కంప్యూటర్ ముందు కూర్చొని గుర్తు చేసుకొనగలిగిన విషయం కాదిది.

ఒక మడి విలువ లోపించినప్పుడు అంచనా వేసే సూత్రాన్ని 1930లో ఆలన్, విషార్ట్ ప్రతిపాదించగా, 1933లో ఫ్రాంక్ యేట్స్ విస్తరించెను. ట్రీట్‌మెంట్ల సంఖ్యను ఆ ట్రీట్‌మెంటులో మిగిలిన మొత్తంతోను, రెప్లికేషన్ల సంఖ్యను ఆ రెప్లికేషన్‌లో మిగిలిన మొత్తంతోను హెచ్చించి, రెంటినీ కూడి, అందులో నుంచి మిగిలిన మొత్తం దిగుబడిని తీసివేయాలి. వచ్చిన దానిని, రెండు సంఖ్యల నుంచి ఒక్కొక్కటి తగ్గించి హెచ్చించిన లబ్ధంతో భాగించాలి. పై ఉదాహరణలో 4×14 + 3×26 − 98 అనగా 36. దానిని 3×2 అనగా 6తో భాగిస్తే 6 క్వింటాళ్లు. అప్పుడు ట్రీట్‌మెంటు సగటు 6.67. మిగిలిన రెండు మడుల సగటు 7 అయినప్పటికీ అంచనా దానికంటె తగ్గడానికి కారణం మూడవ రెప్లికేషన్ నేల మిగిలిన రెంటి కంటె కొంత తక్కువ సారం కలది కావడమే. దోషపు స్వేచ్ఛాంశాలు 5కు తగ్గించాలి. ప్రోగ్రాములో 'ఎన్.ఎ.' గానే ఉంచి విశ్లేషించేటప్పుడు ఆదేశంలో రెప్లికేషన్‌ను ముందు, ట్రీట్‌మెంటును తరువాత వ్రాయాలి. మడులన్నీ ఉన్నప్పుడు ఏది ముందు వ్రాసినా ఫలితం ఒక్కటే. ఒక మడి పోయిన తరువాత వరుస మారితే ట్రీట్‌మెంట్ల వర్గాల మొత్తం కూడా మారుతుంది.

ఒకే ఒక సర్వే నంబరు

పంట కోత ప్రయోగాలలో సర్వే నంబరును యాదృచ్ఛికంగా ఎన్నుకోవడం మూలసూత్రం. ఈ పద్ధతిని మనదేశంలో 1940ల నాటికే మహలనోబిస్, సుఖాత్మే వంటి వారు స్థిరపరచినారు. 2016 ఖరీఫ్ నుంచి అమలులోకి వచ్చిన ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజనలో రైతుకు వచ్చే పరిహారం ప్రధానంగా పంట కోత దిగుబడి మీద ఆధారపడినది. కనుక ఎన్నికలో జరిగే పొరపాటు నేరుగా రైతు చేతి డబ్బును తాకుతుంది.

నందిగామ ప్రాంతంలోని గ్రామాల జాబితా తీసుకొని, ప్రతి గ్రామంలోను ఈ-పంటలో నమోదైన పత్తి సర్వే నంబర్ల నుంచి ఒకదానిని ఎన్నుకొనే చిన్న ప్రోగ్రామును వ్రాయడం కష్టమేమీ కాదు. 'ఆర్' లో దీనికి 'శాంపుల్' అనే ఆదేశం ఉన్నది. ఒక గ్రామంలో 214, 231, 305 అనే మూడు నంబర్లు ఉంటే వాటిలో ఒకటి వస్తుంది. రెండు ఉన్నా అంతే. ఒక గ్రామంలో 214 అనే ఒకే ఒక నంబరు ఉంటే? జవాబు 214 రావాలి కదా. రాదు. సంఖ్య ఒక్కటే ఇచ్చినప్పుడు దానిని 'ఒకటి నుంచి 214 వరకు' అని ప్రోగ్రాము అర్థం చేసుకుంటుంది. 87 రావచ్చును, 140 రావచ్చును. 214 వచ్చే అవకాశం 214లో ఒక వంతు మాత్రమే.

ఇది లోపం కాదు. ఆ ఆదేశపు సహాయ పుటలోనే ఈ సంగతి హెచ్చరికగా ముద్రించి ఉన్నది. 1 నుంచి 214 వరకు సంఖ్యలను కలపడం తరచుగా అవసరమయ్యే పని కనుక సౌలభ్యం కొరకు అలా ఏర్పరచినారు. సౌలభ్యానికి చెల్లించే మూల్యం, పత్తి తక్కువగా ఉన్న గ్రామంలో కనిపిస్తుంది. వంద గ్రామాల జాబితాలో తొంభై ఎనిమిదింటికి సరియైన జవాబు వచ్చి, రెండింటికి మాత్రమే తప్పు వస్తే, ఆ రెండింటినీ కార్యాలయంలో కూర్చొని కనిపెట్టడం కష్టం.

పొలానికి వెళ్లిన గ్రామ వ్యవసాయ సహాయకుడు కనిపెడతాడు. 87వ సర్వే నంబరులో అతనికి చెరువు శిఖమో, ఎవరి కంది చేనో ఎదురవుతుంది. అక్కడ అతడు వెనుకకు తెలియజేస్తే తప్పు దిద్దబడుతుంది. పని ఆగరాదని దారి పక్కన అందుబాటులో ఉన్న పత్తి చేనును తీసుకుంటే, యాదృచ్ఛిక ఎన్నిక అన్నది కాగితం మీద మిగులుతుంది. దారి పక్క చేను లోపలి చేనుకు ప్రతినిధి అని చెప్పడానికి ఆధారం లేదు. సర్వే నంబరుకు బదులు జాబితాలోని స్థానాన్ని ఎన్నుకొని, ఆ స్థానంలో ఉన్న నంబరును తీసుకొనేటట్లు వ్రాస్తే ఈ చిక్కు ఉండదు. జాబితాలో ఒకే పేరు ఉంటే స్థానం ఒకటే, జవాబు 214. సర్వే నంబరు కూడా పెసర ప్రయోగంలోని ట్రీట్‌మెంటు సంఖ్య వంటి పేరే. ప్రోగ్రాము దానిని ఇక్కడ కూడా కొలతగా చదివినది.

కంటికి ఒక్కటే, కంప్యూటర్‌కు రెండు

పేర్లను అక్షరాలలోనే వ్రాసినంత మాత్రాన నిశ్చింత లేదు. జగ్గయ్యపేట, వత్సవాయి, పెనుగంచిప్రోలు, నందిగామ, చందర్లపాడు, కంచికచర్ల, వీరులపాడు అనే ఏడు మండలాల వర్షపాతాన్ని ఒక పట్టికలోను, పత్తి దిగుబడిని మరొక పట్టికలోను ఉంచి, మండలం పేరు ఆధారంగా రెంటినీ కలపమంటే కొన్నిసార్లు ఆరు వరుసలే వస్తాయి. ఒక పట్టికలో 'నందిగామ' తరువాత కంటికి కనిపించని ఖాళీ స్థలం ఉంటే చాలు, ఆ మండలం నిశ్శబ్దంగా తొలగిపోతుంది. జతపడని వరుసలను వదిలివేయడం ఆ ఆదేశపు సహజ స్వభావం. కలపడానికి ముందు, తరువాత వరుసలను లెక్కించుకొనడమే దీనికి కాపలా.

తెలుగు లిపిలో నమోదు చేసే వారికి దీనికంటె సూక్ష్మమైన చిక్కులు రెండు ఉన్నవి. యూనికోడ్‌లో 'ఐ' గుణింతపు గుర్తును ఒకే సంకేతంగా వ్రాయవచ్చును, ఎత్వాన్ని, దాని కింది ఐత్వపు గుర్తును కలిపి రెండు సంకేతాలుగానూ వ్రాయవచ్చును. 'మైలవరం' అనే మాట రెండు విధాలా ఒకే రూపంలో కనిపిస్తుంది. సంకేతాలను లెక్కించమంటే ఒకదానికి 6, రెండవదానికి 7 అని వస్తుంది. సంకేతాలను ప్రామాణిక రూపంలోకి మార్చే ఆదేశంతో ఇది సర్దుబాటు అవుతుంది. రెండవ చిక్కు 'ఎన్టీఆర్' వంటి పొల్లుతో ముగిసే మాటలది. పొల్లు అక్షరం తరువాతి హల్లుతో కలిసి వత్తుగా మారకుండా కొన్ని కీబోర్డులు అదృశ్యమైన ఒక సంకేతాన్ని చేర్చుతాయి. ప్రామాణికీకరణ దానిని తొలగించదు, వెదికి తీసివేయవలసినదే.

పేర్ల సంగతి ఇంతటితో తీరదు. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలు 13 నుంచి 26కు పెరిగినప్పుడు ఈ మెట్ట మండలాలు విజయవాడ కేంద్రంగా ఏర్పడిన ఎన్టీఆర్ జిల్లాలో చేరినవి. మచిలీపట్నం కేంద్రంగా మిగిలిన కృష్ణా జిల్లాలో డెల్టా మండలాలే అధికం. ఇరవై ఏళ్ల పత్తి విస్తీర్ణాన్ని 'కృష్ణా' అనే పేరు మీద వర్గీకరించి గీసిన రేఖ 2022 తరువాత ఒక్కసారిగా కుప్పకూలుతుంది. గులాబీ పురుగు వలన రైతులు పత్తి మానివేసినారని దానికి వ్యాఖ్యానం వ్రాయడం కూడా అసాధ్యం కాదు! నిజానికి చేలు కదలలేదు, సరిహద్దు గీత కదిలినది. నందిగామ అన్న పేరుతో తెలంగాణలోని రంగారెడ్డి జిల్లాలో కూడా ఒక మండలం ఉన్నది. శ్రీకాకుళం జిల్లాలో నందిగాం ఉన్నది. రెండు రాష్ట్రాల సమాచారాన్ని మండలం పేరు ఒక్కదానితోనే జోడించరాదు. ఇటువంటి పనులకు కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ నిర్వహించే స్థానిక ప్రభుత్వాల డైరెక్టరీలోని సంకేత సంఖ్యలు శ్రేయస్కరం. ఆ సంఖ్యలు కూడా పేర్లేనని ప్రోగ్రాముకు చెప్పి ఉంచాలి.

తేదీగా మారిన ఎడం

పెసరలో వరుసల మధ్య 30, మొక్కల మధ్య 10 సెంటీమీటర్ల ఎడాన్ని స్ప్రెడ్‌షీట్‌లో '30-10' అని కొడితే, రోజు తరువాత నెల వ్రాసే మన అమరికలో అది అక్టోబరు 30గా మారుతుంది. ఫైలును 'ఆర్' లోకి తీసుకొన్నప్పుడు మొక్కల ఎడం ఒక తేదీ! ఇది మన విద్యార్థుల అజాగ్రత్త అనుకోనవసరం లేదు. జన్యుశాస్త్రంలో 'మార్చ్1', 'సెప్ట్1' వంటి జన్యువుల పేర్లు స్ప్రెడ్‌షీట్‌లో తేదీలుగా మారుచుండెడివి. జన్యువుల జాబితాలను స్ప్రెడ్‌షీట్‌లుగా జతచేసిన పరిశోధన పత్రాలలో సుమారు ఐదవ వంతులో ఈ దోషం ఉన్నదని 2016లో ఒక పరిశీలన తేల్చినది. చివరకు 2020లో మానవ జన్యువుల నామకరణ సంఘం ఆ జన్యువుల పేర్లనే మార్చినది. పెసర ఎడానికి అంత దూరం పోనక్కరలేదు. రెండు సంఖ్యలను రెండు వేరువేరు వరుసలలో నమోదు చేస్తే చాలును. విశ్లేషణకు కూడా అదే అనుకూలం.

దశాంశాల విషయంలో రెండు మాటలు. పిచికారీ గాఢతలను 0.1 చొప్పున పెంచుచు తయారుచేసిన వరుసలో 0.3కు సమానమైన వాటిని వెదకమంటే ప్రోగ్రాము ఏదీ లేదని చెప్పగలదు. 0.1 అనే సంఖ్యను ద్విసంఖ్యా పద్ధతిలో కచ్చితంగా వ్రాయడం సాధ్యం కానందున, దానికి మూడు రెట్లు 0.3 కంటె రవ్వంత ఎక్కువగా ఉంటుంది. అలాగే 62.5ను పూర్ణాంకానికి సవరిస్తే స్ప్రెడ్‌షీట్ 63 అని, 'ఆర్' 62 అని చూపుతాయి; సరిగ్గా సగం ఉన్నప్పుడు 'ఆర్' దగ్గరి సరిసంఖ్యకు పోతుంది. ఒకే నివేదికలో పట్టిక ఒక చోట, చిత్రం మరొక చోట తయారైనప్పుడు కనిపించే ఒక్క అంకె తేడాకు ఇది ఒక కారణం.

మడుల అమరికకు కూడా ఇదే విధమైన వెర్షన్ తేడా ఒకటి ఉన్నది. యాదృచ్ఛిక సంఖ్యలకు ఒక 'సీడ్' ఇచ్చి ఆ సంఖ్యను సిద్ధాంత గ్రంథంలో పేర్కొంటే, ఎవరైనా అదే అమరికను తిరిగి పొందవచ్చునని విద్యార్థులకు బోధించడం పరిపాటి. 2019 ఏప్రిల్‌లో విడుదలైన 3.6.0 వెర్షన్‌లో 'ఆర్' తన ఎన్నిక పద్ధతిని మెరుగుపరచినది. అంతకు ముందు ఇచ్చిన సీడ్‌కు ఇప్పుడు వేరొక అమరిక వస్తుంది. పాత పద్ధతిని ప్రత్యేకంగా కోరితే పాత అమరిక తిరిగి లభిస్తుంది. అందుకు ఆనాటి వెర్షన్ ఏదో తెలిసి ఉండాలి. సీడ్‌తో పాటు వెర్షన్ సంఖ్యను, మడుల పటాన్ని కూడా క్షేత్ర పుస్తకంలో మొదటి పుటనే అతికించి ఉంచిన ప్రయోగానికి ఈ వెదుకులాట అవసరం ఉండదు.